నాలుగు బై ఆరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. బాత్రూము బాగుచేయించి చూడు అని మాత్రం అనలేదు. ఆ కష్టం తెలియక కాదు పాపం, ఆ రోజుల్లో ఇంట్లో బాత్రూమంటూ ఉంటేగా! దొడ్లో నూతిపక్కన నాలుగు తాటాకు తడికలు కట్టి, కింద రెండు నాపరాళ్ళు పరిస్తే అదే స్నానాలగది. వాడిన నీళ్ళు అరటిపాదుల్లోకి పోయేవి. పైకప్పు లేదు గనక కారుతుందన్న బెంగ లేదు. కింది వాటావాళ్ళు లేరు గనక పోట్లాట లేదు.

ఇప్పుడు మాకు అన్నీ ఉన్నాయి. పైకప్పుంది, కింది వాటావాళ్ళున్నారు, వాళ్ళ సీలింగు మీద మా బాత్రూము ధర్మమా అని వెలిసిన తడిమచ్చ కూడా ఉంది. ఆ మచ్చ ఈ ఏడు వానాకాలానికి ముందే చాటంత అయ్యేసరికి, ఇక తప్పదురా భగవంతుడా అని బాత్రూము మొత్తం తవ్వించి మళ్ళీ కట్టించాలని తీర్మానించుకున్నాం.

మాది విజయవాడలో 1987లో కట్టిన అపార్ట్‌మెంట్. రెండో అంతస్తు. రెండు పడగ్గదులు, ఒక హాలు, ఒక వంటిల్లు, అయిదుగురు మనుషులం, ఒకే ఒక్క బాత్రూము. దాని వెడల్పు 4 అడుగులు, పొడవు 6. వెరసి 24 చదరపు అడుగులు. స్నానమూ మరుగుదొడ్డీ ఒకే గదిలో ఉంటే కనీసం 2.8 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు అడుగులు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఉందిట. మా గది ఆ 'కనీసం'లో అయిదోవంతు తరుగన్నమాట. అయినా ఇన్నేళ్ళుగా అందులోనే స్నానాలు చేశాం, పండగలకి తలంట్లు పోసుకున్నాం, పిల్లల్ని పెంచేశాం.

మరమ్మతు అనగానే ఇంట్లో ఎవరి కోరికలు వాళ్ళకి రెక్కలు విప్పుకున్నాయి. మా అబ్బాయికి గాజుతలుపు షవరు కావాలి. అమ్మాయికి నిలువెత్తు అద్దమూ, దాని చుట్టూ దీపాలూ కావాలి. మావారికి ఇరవై అయిదు లీటర్ల గీజరూ, పేపరు పెట్టుకోవడానికి ఒక అరా ఉంటే చాలుట. మా అత్తగారు మాత్రం కోరికేమీ కోరకుండా, "నా ఇత్తడి గంగాళం ఎక్కడ పెడతారర్రా?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకున్నారు.

"మరి నీకేం కావాలోయ్?" అన్నారు మావారు.

"తలుపుకి ఓ గట్టి గడియ" అన్నాను.

అందరూ నవ్వారు. పదిరూపాయల వస్తువు అడిగినందుకు నవ్వారో, ఇంత పెద్ద సభలో ఇంత చిన్న కోరికేమిటని నవ్వారో నాకు తెలియదు. నవ్వే వాళ్ళకి తెలియంది ఏమిటంటే, ఈ ఇంట్లో వంటింటికి తలుపు లేదు, పడగ్గది తలుపు ఎవరు తోసినా తెరుచుకుంటుంది. ఆడది లోపల గడియ పెట్టుకుంటే ఎందుకని అడగని గది ఇంట్లో ఒక్కటే ఉంటుంది. అదీ పదినిమిషాలు దాటితే అడుగుతారనుకోండి, అది వేరే సంగతి.

మా అమ్మాయి గళ్ళ కాగితం మీద అడుగుకో అంగుళం లెక్కన గది గీసింది. అట్టముక్కల్ని కమోడంతా, బకెట్టంతా, వాష్‌బేసినంతా కత్తిరించింది. రెండు రోజులపాటు ఇంటిల్లిపాదీ అష్టాచెమ్మా కాయల్ని జరిపినట్టు వాటిని జరిపాం. కమోడు వెడల్పు 14 అంగుళాలైతే, పొడవు 27. దానికి అటూ ఇటూ మోచేతులాడే చోటు వదిలితే 30 అంగుళాల వెడల్పు పోయింది. అన్నిటికంటే విడ్డూరం తలుపు. అది లోపలికి తెరుచుకుంటుంది. అది తిరగడానికే నాలుగు చదరపు అడుగుల పైచిలుకు కావాలి. గదిలో ఆరోవంతు స్థలం తలుపు కాజేస్తోందని ఇన్నేళ్ళుగా మాకెవరికీ తట్టనేలేదు!

మూడోరోజు ప్లంబరు వచ్చాడు. అట్టముక్కలన్నీ శ్రద్ధగా చూసి, వెనకగోడ దగ్గరికి వెళ్ళి దాన్ని తట్టి, "అమ్మా, గోడ కావాలంటే జరుపుతా. ఈ గొట్టం మాత్రం జరపలేను" అన్నాడు. గోడవతల పైఅంతస్తు నించి నేలదాకా దిగే నాలుగంగుళాల గొట్టం అది. అయిదు వాటాలకీ అదే దిక్కు. కమోడు దానికి దూరంగా పెడితే మధ్యలో గొట్టానికి వాలు ఇవ్వాలి, వాలు ఇవ్వాలంటే నేల ఎత్తు లేపాలి. ఇంట్లో పెద్ద మా అత్తగారని ఇన్నాళ్ళూ అనుకున్నాం. కాదు, ఆ గొట్టం. దాని మాటకి ఎదురులేదు.

మా పాత మరుగుదొడ్డికి తొమ్మిదంగుళాల మెట్టు ఉంది. ఎందుకా మెట్టు అని ఆ రోజే తెలిసింది. మన పద్ధతి దొడ్డికి కిందనే వంపు గొట్టం ఉండాలి. దానికి లోతు కావాలి. కట్టినవాళ్ళు స్లాబు కిందికి దించకుండా సమంగా పోసేశారు గనక, లోతు కోసం ఎత్తు కట్టారు. కమోడులో 'పి' రకమని ఒకటి ఉంది. దాని గొట్టం నేలలోకి కాక, వెనకగోడలోంచి పోతుంది. అది పెడితే మెట్టే అక్కర్లేదుట.

ఆ వంపు గొట్టం ఉంది చూశారూ, అది చాలా గొప్ప వస్తువు. అందులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్ళు నిలిచి ఉంటాయి. అవతలి దుర్వాసన ఇవతలికి రాకుండా కాపలా కాసేవి ఆ నీళ్ళే. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అని లండన్లో ఉండే గడియారాలు చేసే ఆయన, అటువంటి వంపుతో మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. మీరు నెల్లాళ్ళు ఊరెళ్ళి వచ్చి తలుపు తియ్యగానే గుప్పుమంటే ఫినాయిలు కోసం పరిగెత్తకండి. నేలమీది జాలీలో ఒక చెంబుడు నీళ్ళు పోయండి. ఆ కాపలా నీళ్ళు ఎండిపోయి ఉంటాయి, అంతే.

నేల వాలు సంగతి మేస్త్రీ చెప్పాడు. ఆరడుగుల పొడవుకి ఒక అంగుళం వాలు చాలుట. తక్కువైతే నీళ్ళు నిలుస్తాయి, ఎక్కువైతే మనిషి జారుతుంది. ఇదేమీ కొత్త విద్య కాదు. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి మొహెంజొదారో ఇళ్ళలోనే స్నానానికి ఇటుకలు సందు లేకుండా పేర్చిన గచ్చులు, మురుగు కాలవ వైపు వాలుగా ఉండేవి. వాళ్ళకి తెలిసింది మా అపార్ట్‌మెంట్ కట్టినవాళ్ళకి తెలియలేదు. మా గదిలో వాలు గుమ్మం వైపుంది.

ఇంతవరకూ వేడుకగానే ఉంది. చిక్కల్లా మా అత్తగారి దగ్గర వచ్చింది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆ తొమ్మిదంగుళాల మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకుంటారు, దిగడానికి దేవుణ్ణి పట్టుకుంటారు. ఆవిడకోసమే కమోడు అంటే ఆవిడే ఒప్పుకోరు.

"కుర్చీలో కూర్చుని ఆ పనేమిటే అమ్మాయ్! ఎంగిలీ అంటూ లేకుండా అందరూ దానిమీదేనా? నాకొద్దు. నేనిలాగే వెళ్ళిపోతాను" అన్నారు.

మావారు డాక్టరు మాటగా చెప్పి చూశారు. మనవడు ఫోన్లో బొమ్మలు చూపించాడు. ఆవిడ కదల్లేదు.

ఒకనాటి రాత్రి పక్కలు వేస్తూ చూద్దును గదా, సాయంత్రం ఆవిడ మంచం పక్కన పెట్టిన గ్లాసుడు నీళ్ళూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఏం అత్తయ్యగారూ, మంచినీళ్ళు తాగలేదేం?"

"తాగితే లేవాలిగా" అన్నారు.

ఎంత మామూలుగా అన్నారో! ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నారు. పక్కన కూర్చుని కదిపితే చెప్పుకొచ్చారు. 1964లో పెళ్ళయి దివిసీమలో అత్తవారింటికి వచ్చినప్పుడు ఊళ్ళో ఏ ఇంట్లోనూ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్ళు కోడి కుయ్యకముందు వెళ్ళాలి, లేకపోతే చీకటి పడ్డాక వెళ్ళాలి. మధ్యలో అవసరం వచ్చినా రానట్టే ఉండాలి. అందుకని కొత్తకోడళ్ళకి పెద్దవాళ్ళు నేర్పే మొదటి పాఠం నీళ్ళు తక్కువ తాగడం. "దాహానికి కూడా వేళలు నేర్పామే మేము" అన్నారు నవ్వుతూ. అరవై ఏళ్ళ కిందట చీకటి కోసం నేర్చిన విద్య, ఇవాళ తొమ్మిదంగుళాల మెట్టు కోసం అక్కరకొచ్చింది. రాత్రి రెండుసార్లు ఆ మెట్టు ఎక్కే బదులు, సాయంత్రం అయిదు దాటితే నీళ్ళు మానేస్తే సరిపోతుంది కదా అని ఆవిడ లెక్క.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు టేపు పట్టుకుని బాత్రూములోకి వెళ్ళకుండా తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"మిమ్మల్ని కాస్త కొలుస్తాను అత్తయ్యగారూ" అన్నాను.

"రవిక కుట్టిస్తావుటే?" అన్నారు.

ఆవిడ ఆయాసం లేకుండా కూర్చుని లేచే కుర్చీ ఎత్తు కొలిచాను. 17 అంగుళాలు. లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనుతుందో గోడమీద పెన్సిలుతో గీత పెట్టాను. పొడిచీర తగిలించడానికి చెయ్యి ఎంత ఎత్తుకి లేస్తుందో చూశాను. ఆ మధ్యలో ఆవిడే, "ఏదీ, ఆ కుర్చీది ఎత్తెంతుంటుందిట?" అని అడిగారు. సరిగ్గా మీ కుర్చీ అంతే ఉండేది తెప్పిస్తామన్నాను. "కాళ్ళు నేలకి ఆనాలి సుమా" అన్నారు. ఒప్పుకోవడమంటే మా అత్తగారి భాషలో అదే.

అప్పటినించీ మా ప్లాను చకచకా కుదిరిపోయింది. బాత్రూము కట్టించే వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ముందు గదిని కొలవకండి, అందులోకి వెళ్ళే మనుషుల్ని కొలవండి. వాళ్ళలోనూ అందరికంటే ఓపిక తక్కువ ఉన్న మనిషితో మొదలెట్టండి. ఆవిడకి సరిపోయింది అందరికీ సరిపోతుంది. కుర్రాళ్ళకి సరిపోయింది ఆవిడకి సరిపోదు.

మెట్టు తీసేస్తున్నాం. గుమ్మం నించి కమోడు దాకా గోడ పొడుగునా స్టీలు కమ్మీ. టవలు కడ్డీ పట్టుకుంటే చాలనుకోకండి, అది టవలునే మోస్తుంది, మనిషిని మొయ్యదు. కమ్మీ మేకులు ఇటుకలోకి దిగాలి. నేలకి గరుకు పలకలు, అవీ చిన్నవి. సందులెక్కువ ఉంటే కాలికి పట్టుంటుంది. కూర్చుని స్నానం చెయ్యడానికి ఆవిడకో స్టూలు, వంగకుండా అందేలా బకెట్టుకో పీట. వాష్‌బేసిను హాల్లోకి పోయింది, దాంతోపాటు అమ్మాయి అద్దమూ పోయింది. షవరుంది గానీ గాజుతలుపు లేదు. మావారి గీజరు 15 లీటర్లకి దిగి, గుమ్మం నెత్తికెక్కింది. స్విచ్చి బయటే. గంగాళం నీళ్ళు రాని రోజు కోసం బాల్కనీలో సెటిలైంది. పొడిచీరలకి గుమ్మం పక్కన, తుంపర పడని చోట కొక్కేలు. తడినేల మీద చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడమెంత అష్టకష్టమో బాత్రూములు గీసే ఏ మగవాడికీ తెలియదు గనక ఇది నేనే చెప్పి రాయించాను. పలకలు పరిచేముందు నేలంతా నీళ్ళు కట్టి రెండు రోజులు చూడాలి. కింది వాటావాళ్ళు పచ్చజెండా ఊపితేనే పలకలు.

తలుపు ఇక బయటికి తెరుచుకుంటుంది. చోటు కలిసి రావడం ఒక్కటే కాదు. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ మనిషే అడ్డం. బయటినించి ఎంత తోసినా రాదు.

ఇక గడియ. అత్తగారు లోపల ఉండగా గట్టిగడియ పనికిరాదు. బయటినించి రూపాయి బిళ్ళతో తిప్పితే వచ్చేసేది ఉండాలి. సరే, అది మూడడుగుల ఎత్తున పెట్టమన్నాను. ఆపైన, ఆరడుగుల ఎత్తున, ఇంకోటి కూడా రాసుకోమన్నాను. ఇత్తడిది, లావుపాటిది, బయటినించి ఏ బిళ్ళకీ లొంగనిది.

ఆషాఢం వెళ్ళగానే పని మొదలు. పదిహేను రోజులు మా అయిదుగురికీ పైవాటా పిన్నిగారింట్లో స్నానాలు. ఆవిడ అప్పుడే టైంటేబులు రాసి ఇచ్చారు.

నిన్న మావారు మేస్త్రీకి ఇవ్వాల్సిన చిట్టా చదువుతూ, "ఒక్క తలుపుకి రెండు గడియలెందుకే? ఇందులో ఒకటి కొట్టేస్తా" అన్నారు.

నేనేమీ అనలేదు. మా అత్తగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, "ఉండనీరా" అన్నారు. "కింది గడియ నాది. పైది దానిది. రోజుకో గడియసేపయినా దాని మానాన దాన్ని వదిలెయ్యండర్రా."

గడియంటే ఇరవై నాలుగు నిమిషాలు. మా అత్తగారు ఎప్పుడూ లెక్క తప్పరు.