చెవిటికల్లు విందులో కడపంక్తి

మొన్న మాఘమాసమున సీమంతపు విందునకై మేము కంచికచర్ల మీదుగా చెవిటికల్లు పోయితిమి. నాటి కృష్ణాజిల్లా మెట్టసీమ. 2022 నుండి ఎన్టీఆర్ జిల్లా. త్రోవపొడవునను ప్రత్తి, మిరపచేలు.

విజయవాడలో కొన్న బ్రకోలీని చూచి అత్తయ్యగారు, "ఆకుపచ్చ కాలీఫ్లవరా!" అనిరి. నిజముగా దాని తోబుట్టువే.

చిక్కని గేదెపెరుగును రాత్రియే గుడ్డలో మూటగట్టి వ్రేలాడదీసిరి. పువ్వులను కాగునీట రెండు నిమిషములుంచి, చన్నీట ముంచి, పొడిగుడ్డపై ఆరబెట్టితిమి. తడి మిగిలినచో పచ్చడి పలుచనగును. అల్లము, పచ్చిమిర్చి, ఆవాలపోపు చాలును. మేము ముందే ఉప్పు కలుపబోగా ఆమె చేయిపట్టుకొని, "విస్తళ్లు పడనీయండర్రా, ఉప్పు నీరు దించుతుంది" అనిరి. మాయింట నొకసారి పచ్చడి నీరై, వడ్డింపక దాచిన సంగతి ఆమెకెట్లు తెలియునో!

మగవారి పంక్తులు రెండు లేచి, ఆడవారు కూర్చుండుసరికి రెండుగంటలు దాటెను. పంక్తిపంక్తికిని వేరుగా ఉప్పు కలిపిరి. కడపంక్తిలోని మాకును పచ్చడి మీగడవలెనే యుండెను.