అంగుళంలో 32వ వంతు

ఫెన్స్‌ని కొలత ప్రకారం జరిపి నిలిపే ఇంక్రా జిగ్‌ని రౌటర్ టేబుల్‌కి బిగించాక నాకు టేపుతో పని దాదాపు తప్పింది. లోపల రంపపు పళ్లలాంటి పట్టీలు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, పన్నుకీ పన్నుకీ మధ్య 1/32 అంగుళం. క్లాంప్ వదిలి, ఫెన్స్ జరిపి, మళ్లీ అదే పన్ను దగ్గరికి తెచ్చి బిగించండి. వెంట్రుకవాసి తేడా ఉండదు.

అలాగని తెలివంతా జిగ్‌దే అనుకోకండి. గాడికీ గాడికీ దూరం అది చూసుకుంటుంది. సొరుగు మూలల్లో వేసే డవ్‌టెయిల్ జాయింట్ బిగుతు మాత్రం రౌటర్ బిట్ ఎత్తులో ఉంది. జాయింట్ వదులైతే బిట్ కాస్త పైకి, మరీ బిగుసుకుంటే కాస్త కిందికి. కాగితం మందమంత మార్చినా చేతికి తెలిసిపోతుంది. అందుకే సొరుగుకి వాడే చెక్కలోంచే ఓ తుంటు తీసి ముందు దానిమీద చూసుకుంటాను. వెనకాల పాత పలకొకటి ఆనించకపోతే బిట్ బయటికొచ్చే చోట పేళ్లు లేస్తాయి, టేకులో మరీను.

ఉలితోనే డవ్‌టెయిల్ దించేసే మేస్త్రీలకి ఇదంతా చాదస్తంలా కనిపిస్తుందేమో. వాళ్ల చెయ్యి వేరు. నాకున్నవి ఆదివారాలే, వంటింట్లో సొరుగులేమో బోలెడు. ఈ రౌటర్ మోత గురించి పక్కింటివాళ్లు ఏమనుకుంటున్నారో మాత్రం నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.