ఊరు మారితే దెయ్యం కూడా వస్తుందా?

తెలుగు హారర్ సినిమాలో ఊరికి ఒక టెంప్లేట్ ఉంటుంది. ఊరి మొదట్లో ఊడలు దిగిన మర్రిచెట్టు, ఇంకొంచెం లోపలికి పాడుబడ్డ గుడి, చిట్టచివర ఎవరూ వెళ్లని బంగళా. హీరో బస్సు దిగగానే టీకొట్టు దగ్గర ఒక ముసలాయన "పొద్దుగూకినాక అటు పోకు బాబూ" అంటాడు. హీరో పోతాడు. మిగతా రెండు గంటలు మీకు తెలిసిందే.

నేను ఈ టెంప్లేట్‌కి వీరాభిమానిని. థియేటర్లో, ఫోన్లో, ఆఫీస్ క్యాబ్‌లో... దెయ్యం సినిమా వచ్చిందంటే చూడాల్సిందే. బాగాలేకపోయినా చివరి టైటిల్స్ దాకా చూస్తా. కానీ ఈ మధ్య ఒక అనుమానం పట్టుకుంది. 'విరూపాక్ష'లో రుద్రవనం, 'ఓం భీమ్ బుష్'లో భైరవపురం... పేర్లు వేరు, ఊరు మాత్రం ఒకటే. ఆ మర్రిచెట్టు ఏ జిల్లాలో ఉందో చెప్పమంటే చెప్పలేం. భయం ఏదో ఒక జాగాలో పుట్టాలి కదా?

అందుకే 'పిండం' మీద ఆశ పెట్టుకున్నా. 2023 డిసెంబర్లో వచ్చిన ఈ సినిమా కథ నల్గొండ జిల్లాలోనే జరుగుతుంది. హీరో శ్రీరామ్ రైసుమిల్లులో లెక్కలు రాసే ఉద్యోగి. అప్పట్లో థియేటర్లో మిస్సయ్యా. కాలేజీ ఫ్రెండ్ ఒకడిది నల్గొండ జిల్లా పెద్దవూర. "జిల్లా సినిమాను జిల్లాలోనే చూద్దాం రా" అన్నాడు. శనివారం పొద్దున్నే బైక్ తీశా.

ఎల్బీ నగర్ దాటి సాగర్ రోడ్డు ఎక్కితే ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి. సాగర్ గేట్లు ఎత్తారని వార్త వచ్చిందంటే ఈ రోడ్డు మీద హైదరాబాద్ మొత్తం కనిపిస్తుంది. మామూలు రోజుల్లో మాత్రం హాయిగా ఉంటుంది. గుట్టలు, పత్తి చేలు, మధ్యలో నల్గొండకు పేరు తెచ్చిన బత్తాయి తోటలు. పెద్దవూర మండల కేంద్రం. చాలామంది దీన్ని సాగర్ వెళ్లే దారిలో టీ తాగే స్టాప్‌గానే చూస్తారు. ఎరువుల దుకాణాలు, మిర్చీ బండి, సెల్ పాయింట్. మర్రిచెట్టు కోసం చూశా. ఫ్లెక్సీలు కనిపించాయి.

రాత్రి డాబా మీద చాప వేసి, నీళ్ల బిందెకు ఫోన్ ఆనించి 'పిండం' పెట్టాం. మొదటి అరగంటలో రెండుసార్లు నిజంగానే ఉలిక్కిపడ్డా. ఈశ్వరీరావు వచ్చినప్పుడల్లా సినిమాకి ఒక బరువు వస్తుంది. కానీ పాత ఇంట్లోకి కుటుంబం దిగడం, పిల్లకు ముందుగా ఏదో కనిపించడం... ఇదంతా 2013 నాటి 'కాంజురింగ్' ఇల్లు. రోడ్ ఐలాండ్ ఇంటిని లారీలో వేసుకుని నల్గొండలో దించినట్టుంది. మా వాడి కంప్లయింట్ ఇంకొకటి. "మిర్యాలగూడ ఇక్కడికి ఎంత దూరంరా? రైసుమిల్లుల ఊరది. మిల్లులో పనిచేసే మనిషి ఇంటికొస్తే ఒంటి నిండా ఊక ధూళి ఉండాలె. ఆ వాసన ఏదిరా దీంట్లో?" అన్నాడు. దెయ్యానికి లాజిక్ అడగలేదు వాడు, మిల్లుకు అడిగాడు. నాకు ఆ మాట నచ్చింది.

అప్పటికే వాళ్ల నాయినమ్మ మెట్లెక్కి వచ్చి మా వెనక కూర్చుంది. కాసేపు చూసి, "గా ఇల్లు మంచిగ లేదని తెలిసినంక ఇడిచిపెట్టి పోరాదా?" అంది. ప్రపంచంలో ప్రతి హారర్ సినిమాని ప్రతి ప్రేక్షకుడూ అడిగే ప్రశ్నే. మా వాడు నవ్వి, "పైసలు పెట్టి కొన్నరు కదనే, ఎట్ల ఇడుస్తరు" అన్నాడు.

"మేం ఊరే ఇడిచిపెట్టినం" అంది అవ్వ.

ఫోన్ పాజ్ చేశాం.

సాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. ఈ రెండు తేదీలూ కాంపిటీటివ్ ఎగ్జామ్స్ రాసిన ప్రతివాడికీ కంఠతా వచ్చు. ఆ మధ్యలో కృష్ణ ఒడ్డున ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అవ్వకు అప్పుడు పదేళ్లుంటాయట. వాళ్లది ముంపు ఊరు. బండ్ల మీద సామాన్లు, దర్వాజాలు, దూలాలు కూడా పీక్కుని వచ్చారు. కొత్త జాగాలో కొత్త బొడ్రాయి పాతుకున్నారు.

బొడ్రాయి తెలియని సిటీ రీడర్ల కోసం రెండు ముక్కలు. అది ఊరి నడుమ పాతే రాయి, అంటే ఊరికి బొడ్డు లాంటిది. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ బొడ్రాయి పండుగ చేస్తారు. ఆడబిడ్డలందరినీ పిలుస్తారు, పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు, ఆ టైమ్‌లో ఊరివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. 'విరూపాక్ష'లో రుద్రవనాన్ని అష్టదిగ్బంధనం చేసినప్పుడు థియేటర్లో నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మా వాడికి ఏమీ అనిపించలేదట. "మా ఊళ్లో చేస్తర్రా. కాకపోతే అయిపోయినంక యాటకూర పెడతరు" అన్నాడు.

"పాత బొడ్రాయి ఏమైంది అవ్వా?" అని అడిగా.

"గాడనే ఉన్నది. దాన్ని లేపుతరా బిడ్డా?" అంది. కాసేపాగి, తనకు దెయ్యాలంటే ఎప్పుడూ భయం లేదని చెప్పింది. పెళ్లయ్యాక ఒకసారి పుట్టిమీద పోతుంటే మాత్రం కిందికి చూడలేకపోయిందట. "మా వాకిట్ల బాయుండె. గడ్డ లేని బాయి. చిన్నప్పుడు అండ్ల పడతనేమో అని మస్తు భయముండె. గంత నీళ్ల అడుగున ఇంకో బాయి ఉన్నది గద బిడ్డా" అంది.

నీళ్ల అడుగున బావి. ఇన్నేళ్లుగా ఇన్ని సినిమాలు చూశా, ఇలాంటి షాట్ ఒక్కటీ చూడలేదు. 'రింగ్'లో బావి ఉంది, నిజమే. 1998లో జపాన్‌లో వచ్చిన 'రింగు'ని 2002లో గోర్ వెర్బిన్‌స్కీ అమెరికాలో మళ్లీ తీశాడు. రీమేక్‌లు అంటే ముక్కు విరిచే నా ఫ్రెండ్స్ కూడా దానికి దండం పెడతారు. ఎందుకంటే అతను బావినీ టేపునీ మాత్రమే తీసుకుపోలేదు, వాటికి సియాటిల్ వైపు వాన, ఆ బూజు పట్టిన ఆకుపచ్చ రంగు వెతికి పెట్టాడు. దెయ్యానికి కొత్త ఊళ్లో ఇల్లు కట్టించాడు.

ఈ పని ఎలా చేయాలో మన దక్షిణాది వాళ్లకు ఇంకా బాగా తెలుసు. 'మణిచిత్రతాళు' ప్రయాణం చూడండి. 1993లో ఫాజిల్ తీసిన మలయాళ సినిమా. కేరళ ఇంట్లో తిరిగే నాగవల్లి తమిళ నర్తకి. 2004లో పి.వాసు దాన్ని కన్నడంలో 'ఆప్తమిత్ర'గా తీస్తే ఆమె తెలుగులో పాడింది. మరుసటి ఏడాది తమిళ 'చంద్రముఖి'లోనూ 'రా రా' పాట తెలుగులోనే ఉంది. మరి అదే సినిమా తెలుగులోకి డబ్ అయినప్పుడు? మనకు తెలుగు మాట్లాడే దెయ్యం అంటే పక్కింటి అక్కే. అందుకని మన వెర్షన్లో ఆ పాట తమిళంలో 'వారాయ్' అయింది. 2007లో హిందీ 'భూల్ భులయ్యా'కి వచ్చేసరికి మంజులిక బెంగాలీ మాట్లాడింది. ప్రతి భాషవాళ్లూ పక్క భాష నుంచి దెయ్యాన్ని తెచ్చుకున్నారు! ఇంట్లో మనకు అర్థంకాని భాషలో మన మనిషే మాట్లాడటం, అదీ అక్కడి భయం. కథ కాపీ కొట్టి ఈ ఒక్కటి వదిలేసి ఉంటే సినిమా మొత్తం పోయేది.

వదిలేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే 'దుర్గామతి' ఉంది. 2018లో మనకు 'భాగమతి' ఇచ్చిన జి.అశోకే 2020లో హిందీలో తీశాడు. బంగళా వచ్చింది, సుత్తి వచ్చింది, కేకలు వచ్చాయి. అనుష్క రాలేదు, భయం అసలే రాలేదు. గుజరాతీ 'వశ్'ని 2024లో 'షైతాన్'గా మార్చినప్పుడు కొంత నయం. వశమైపోయే అమ్మాయి పాత్రకు అదే జానకీ బోడీవాలాని పెట్టుకోవడం తెలివైన పని. అయినా నా ఓటు పేరున్న స్టార్లు లేని 'వశ్'కే.

ఈ లెక్కన ఈమధ్య తెలుగు సినిమాల్లో నాకు బాగా నచ్చినవి జాగా ఉన్న సినిమాలే. 'మసూద'లో హైదరాబాద్ మిడిల్ క్లాస్ ఫ్లాట్, పక్కింటి భయస్తుడైన సాఫ్ట్‌వేర్ కుర్రాడు (ఈ పాత్ర మీద నాకు ప్రత్యేక సానుభూతి ఉంది). 'శుభం'లో భీమిలి, కేబుల్ టీవీ రోజులు, సీరియల్ మొదలవగానే మారిపోయే భార్యలు. 'కిష్కింధపురి'లో హీరో హీరోయిన్లు జనాన్ని దెయ్యాల కొంపలకు టూర్ తిప్పుతుంటారు. మూతపడ్డ రేడియో స్టేషన్, అందులోంచి గొంతు... ఎంత మంచి ఐడియా! సెకండాఫ్‌లో అన్నీ విడమరిచి చెప్పకుండా ఉంటే ఇంకా బాగుండేది.

'మా ఊరి పొలిమేర' రెండు భాగాలూ నేను నోరు తెరుచుకుని చూశా. సత్యం రాజేష్‌ని అలా చూస్తామని ఎవరనుకున్నారు? కానీ పెద్దవూర డాబా మీద ఆ పేరెత్తితే మా వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. "సినిమాల చేతబడి మంచిగుంటది. ఊళ్లో ఆ మాట ఎవరి మీద పడ్డదో వాళ్ల బతుకు పోతది" అన్నాడు. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలంగాణలో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. 'విరూపాక్ష' మొదలయ్యేదే ఒక జంటను ఊరు తగలబెట్టడంతో. ఆ సీన్‌లో నేను భయపడాల్సింది ఆ జంట శాపానికి. ఇప్పుడు మళ్లీ చూస్తే కళ్లు కాగడాలు పట్టుకున్న వాళ్ల మీదికే పోతున్నాయి.

ఆదివారం పొద్దున్నే సాగర్ బయల్దేరాం. పెద్దవూర నుంచి ఇరవై కిలోమీటర్ల లెక్క. హిల్ కాలనీ, డ్యామ్, 26 గేట్లు. అవ్వకు ఇదంతా నందికొండే, ప్రాజెక్టుకు మొదట ఉన్న పేరు. కృష్ణ దాటి ఆంధ్ర వైపు వెళ్తే అనుపు. సాగర్ వెళ్లేవాళ్లలో చాలామంది లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి వచ్చేస్తారు, అనుపు వదిలేస్తారు. అలా చేయకండి.

ఇప్పుడు నీళ్లున్న లోయలో ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్లు గడియారంతో పోటీపడి తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, పైకి మోసి, కొండమీదా అనుపులోనూ మళ్లీ పేర్చారు. మెట్లు మెట్లుగా దిగే రంగస్థలం చూస్తే నిన్న కట్టినట్టుంది, పదిహేడు వందల ఏళ్ల నాటిదీ అనిపిస్తుంది. రెండూ నిజమే. ఇంతకంటే పెద్ద రీమేక్ తెలుగు నేల మీద ఇంకోటి లేదు. మేం కింద నిలబడి చప్పట్లు కొట్టాం, పై మెట్టు మీద ఒక ఫ్యామిలీ పులిహోర తింటూ మమ్మల్ని చూసి నవ్వుకుంది.

అక్కడే హారీతి గుడి ఉంది. నేను అనుపు రావడానికి అసలు కారణం ఈవిడే. బౌద్ధ కథల్లో హారీతి పిల్లల్ని ఎత్తుకెళ్లి తినే యక్షిణి. బుద్ధుడు ఆమె చిన్న కొడుకుని తన భిక్షాపాత్ర కింద దాచేస్తాడు. వందల పిల్లలున్న తల్లి ఆ ఒక్కడి కోసం పిచ్చిదైపోయి తిరుగుతుంది. ఒక్కడు పోతేనే నీకిలా ఉంటే, ఉన్న ఒక్కడినీ పోగొట్టుకున్నవాళ్ల సంగతేమిటి అని అడుగుతాడాయన. అప్పట్నుంచి ఆమె పిల్లల్ని కాపాడే దేవత. మంత్రించి సీసాలో పెట్టడం లేదు, త్రిశూలంతో పొడవడం లేదు. దెయ్యానికి డ్యూటీ మార్చారంతే. ఈవిడ గాంధారం పోయింది, చైనా పోయింది, జపాన్‌లో కిషిమోజిన్ అయి చేతిలో దానిమ్మపండు పట్టుకుంది. వెళ్లినచోటల్లా అక్కడి బట్టలు కట్టుకుంది, అక్కడి తల్లుల మొర విన్నది. కృష్ణ ఒడ్డునేమో రాయి రాయిగా గుట్టెక్కింది. ఇంత కథ ఇక్కడుంటే మనవాళ్లు పిల్లల్ని ఎత్తుకెళ్లే దెయ్యం కోసం కొరియన్ సినిమాలు వెతుకుతున్నారు.

గుడి దగ్గర నిలబడితే రిజర్వాయర్ కనిపిస్తుంది. ఎండకి తెల్లగా, కదలకుండా ఉంది. రాజధాని రాళ్లకు నంబర్లు వేసి పైకి తెచ్చారు. అవ్వ వాళ్ల ఊరి రాయి అడుగునే ఉంది. మా వాడు అటే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఇన్నిసార్లు ఫ్రెండ్స్‌ని తీసుకొచ్చి ఫొటోలు దిగాడట గానీ, ఏ వైపున ఉండేదో నాయినమ్మను ఎప్పుడూ అడగలేదట.

ఆ రాత్రి తిరిగి బయల్దేరాల్సింది, ఉండిపోయా. డాబా మీద మళ్లీ చాప పరిచాం. అవ్వే అడిగింది, ఇంకో దెయ్యం సినిమా ఉందా అని. ఏం పెట్టాలో తెలియక 'రింగ్' పెట్టా, మా వాడు ఒక్కో సీన్ తెలుగులో చెప్పాడు. బావిలోంచి ఆ పిల్ల జుట్టు ముఖం మీద వేసుకుని పైకి పాకుతుంటే మేమిద్దరం దుప్పటి లాక్కున్నాం. అవ్వ మాత్రం ఫోన్‌కి దగ్గరగా జరిగి చూసింది.

"గంతసేపు అండ్ల ఉన్నదా గా పిల్ల? ఎవ్వలు తియ్యలేదా?" అంది.