పట్టు పట్టేవాడి కూలి

జూన్ 1, 2025, ఆదివారం

ముంబైలో ప్రొ కబడ్డీ వేలం ఇవాళ్టితో అయిపోయింది. నిన్నటి నుంచి ఫోను వదలడం లేదని ఇంట్లో గొడవ. అయినా ఈసారి సంగతి రాసి పెట్టుకోవాల్సిందే. అందరికంటే పెద్ద పాట కూతకెళ్ళేవాడికి పలకలేదు. ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్‌లూ, ఎడమ కార్నర్, 2.23 కోట్లకి గుజరాత్ వాళ్ళ పాలయ్యాడు. రైడర్ దేవాంక్ దలాల్ 2.205 కోట్ల దగ్గర ఆగిపోయాడు. షాద్‌లూ అవసరమైతే కూతకీ వెళ్తాడు, కాదనను. కానీ అతని అసలు పని పట్టు.

2014లో మొదటి వేలంలో అందరికన్నా ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్‌కి పట్నా ఇచ్చింది 12.80 లక్షలు. 2018లో కోటి గీత మొదట తాకిన ఫజల్ అత్రాచలి కూడా ఇరాన్ వాడే, ఎడమ కార్నరే. 2023లో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ మీద 2.605 కోట్లు పెట్టారు. తొమ్మిదేళ్ళలో లక్షల నుంచి కోట్లకి!

ఇదంతా వినిపిస్తే మా ఆవిడ ఒక్కటే అడిగింది: "మీ రోజుల్లో మీకేమిచ్చారు?"

టిఫిను, బస్సు చార్జీ ఇచ్చారు. ఆ తర్వాత ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగం మీదే ఈ ఇల్లు లేచింది. ఆ మాట అనేసరికి ఆవిడే ఊరుకుంది.

జూన్ 8, ఆదివారం

అన్నయ్య కొడుకు వచ్చాడు. ఐటీఐ ఫిట్టరు పూర్తి చేశాడు. ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాడు. పొద్దున్న షట్‌డౌన్ పని, సాయంత్రం పెదగంట్యాడ వైపు గ్రౌండులో ప్రాక్టీసు. ఎడమ కార్నర్ ఆడతాడు. చెయ్యి పొడుగు, నడుము కిందకి దిగుతుంది. ఓపిక మాత్రం ఇంకా రాలేదు.

"చిన్నాన్నా, ఏలంలో ఆ ఇరానోడికి అంత ఇచ్చినారు కదా, మనకేటి, ఓ పది లక్షలైనా రావా?" అన్నాడు.

ఏం చెప్పను? మన పేరు పెట్టుకున్న జట్టులోనే తెలుగు కుర్రాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది ఉండరు. అంతా హర్యానా, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్. అక్కడ ఊరికో మ్యాటు, మ్యాటుకో కోచ్. మన వైపు ఇంకా సగం చోట్ల మట్టి మీదే. మట్టి మీద నేర్చిన కాలు మ్యాటు మీద జారదు, అంటుకుపోతుంది. మోకాలు అక్కడే తిరుగుతుంది. ఆ సంగతి వాడికి చెప్పాను. వాడు చెవిన పెట్టినట్టు లేదు.

జూలై 10, గురువారం

సిడ్నీ నుంచి పెద్దాడు ఫోన్ చేశాడు. నిన్న ఆఫీసు వాళ్ళతో రగ్బీ లీగ్ మ్యాచ్‌కి వెళ్ళాడట. క్వీన్స్‌లాండ్‌కీ న్యూ సౌత్ వేల్స్‌కీ ఏటా జరిగే మూడు మ్యాచ్‌ల పోరులో ఆఖరిది. క్వీన్స్‌లాండ్ 24-12తో గెలిచి సిరీస్ పట్టుకుపోయింది. వీడుండేది వెంట్‌వర్త్‌విల్. చుట్టూ తెలుగు వాళ్ళే, పక్కనే పరమట్టా క్లబ్బు. ఇన్నేళ్ళూ క్రికెట్ తప్ప ఇంకో మాట ఎత్తనివాడు ఇవాళ మాత్రం "నాన్నా, నువ్వు చూడాల్సిన ఆట ఇది. చెడుగుడికి బంతి ఇచ్చినట్టుంది" అన్నాడు.

రాత్రి ల్యాప్‌టాప్‌లో రెండు మ్యాచ్‌లు చూశాను. జట్టుకి 13 మంది. అందులో ఆరుగురు ఫార్వర్డ్‌లు. బంతి చేతిలో ఉన్న జట్టుకి ఆరు టాకిల్స్ వరకే అవకాశం, ఆరోసారి కూడా దొరికిపోతే బంతి అవతలి వాళ్ళది. మా మూడో కూత లాంటిదే ఇదీ. పాయింటు తెస్తే తెచ్చినట్టు, లేకపోతే బయటికే. ఫార్వర్డ్ పని ఏమిటంటే, బంతి చంకన పెట్టుకుని ఎదుటి గోడలోకి దూరడం, పడడం, లేవడం, మళ్ళీ అవతలివాణ్ణి పడెయ్యడం. ఒక్కో మ్యాచ్‌లో 30, 40 టాకిల్స్ చేస్తారు. పాయింట్లు తెచ్చి పేపర్లో ఫొటో వేయించుకునేవాళ్ళు రెక్కల దగ్గర పరుగెత్తేవాళ్ళు. కవర్ ఆడినవాణ్ణి కాబట్టి నా చూపు ఆ పడి లేచేవాళ్ళ మీదే ఉండిపోయింది.

జూలై 13, ఆదివారం

పెద్దాడు రగ్బీ లీగ్ ఆటగాడు శామ్ బర్జెస్ వీడియో పంపాడు. ఇంగ్లండులో డ్యూస్‌బరీ అనే మిల్లుల ఊరివాడు. సిడ్నీకి వెళ్ళి సౌత్ సిడ్నీకి ఆడాడు. 2013లో అన్నదమ్ములు నలుగురూ ఒకే మ్యాచ్‌లో ఒకే జట్టుకి దిగారట. వాళ్ళమ్మ ఆ రోజు మ్యాచ్ చూసిందో, కళ్ళు మూసుకుందో!

2014 అక్టోబరు 5న గ్రాండ్ ఫైనల్. మొదటి ఢీలోనే బర్జెస్ చెంప ఎముక విరిగింది. 80 నిమిషాలూ ఆడాడు. 30-6తో గెలిచారు, ఫైనల్లో ఉత్తమ ఆటగాడి పతకం ఇతనికే వచ్చింది. సౌత్ సిడ్నీ అంతకు ముందు గెలిచింది 1971లో, అంటే మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఏడాది. ఆ తర్వాత అతను పదిహేను మంది ఆడే రగ్బీలోకి వెళ్ళి, ఇంగ్లండుకి ప్రపంచ కప్ ఆడి, ఏడాదికే సొంత ఆటకి వచ్చేశాడు. 2019లో భుజం ఇక మాట వినలేదు. 30 ఏళ్ళకే ఆట మానేశాడు.

వీడియో కింద జనం "సింహం", "వీరుడు" అని రాశారు. నాకు వేరే ఆలోచన వచ్చింది. చెంప విరిగినవాణ్ణి ఆ రోజు బయటికి లాగాల్సిన డాక్టరు ఏం చేస్తున్నాడు? ఇప్పుడక్కడ పద్ధతి మారిందట. తలకి దెబ్బ తగిలిందని తేలితే 2023 నుంచి మామూలుగా 11 రోజులు మ్యాచ్ ఆడనివ్వరు. మేమాడే రోజుల్లో నిమ్మరసం తాగించి, మొహాన నీళ్ళు కొట్టి, మళ్ళీ లోపలికి తోసేవారు.

ఆగస్టు 29, శుక్రవారం

మొన్నే చవితి అయింది. గాజువాకంతా మైకులే. పొద్దున్న ఇక్కడి స్కూల్లో ఒక బల్ల మీద గిడుగు రామమూర్తి పంతులు గారికి దండ, పక్క బల్ల మీద ధ్యాన్‌చంద్‌కి దండ. ఇద్దరి పుట్టినరోజూ ఇవాళే.

సాయంత్రం విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్‌లో ప్రొ కబడ్డీ 12వ సీజన్ మొదలైంది. లీగ్ విశాఖకి రావడం 2018 తర్వాత మళ్ళీ ఇప్పుడే. బి షిఫ్టు మార్చుకుని అన్నయ్య కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళాను. ప్రారంభానికి వచ్చిన అతిథి వైభవ్ సూర్యవంశీ. ముచ్చటైన కుర్రాడే. అయినా చెడుగుడు పండగకి కూడా క్రికెట్ వాణ్ణే పిలవాలా? వైజాగ్‌లో పాత కబడ్డీ ఆటగాళ్ళకి కరువొచ్చిందా?

తమిళ్ తలైవాస్ చేతిలో మనవాళ్ళు 35-38తో ఓడారు. ఆఖరి నిమిషాల దాకా చేతిలో ఉన్న మ్యాచే. నేను బంతి... కాదు, కూత చూడలేదు. వెనక నిలబడ్డ కార్నర్ల కాళ్ళే చూశాను. మంచి కార్నర్ మడమ నేలకి ఆనదు. రైడర్ బోనస్ గీత వైపు కాలు చాపేటప్పుడు రెండో కాలు గాల్లో ఉండాలి. ఆ రెప్పపాటు మనిషి బరువంతా ఒంటికాలి మీదే ఉంటుంది. కార్నర్ దూకాల్సింది అప్పుడే. రెండు చేతులూ చీలమండకి, దాన్ని గుండెకి హత్తుకోవాలి, తల మాత్రం రైడర్ మోకాలికి అవతల పక్కన. తల ఇవతల పెట్టావా, వాడి మోకాలు నీ దవడకి. కార్నర్ ఇలా ఆపితే కవర్ వచ్చి భుజంతో తొయ్యాలి. జనం కార్నర్ పేరు అరుస్తారు. కవర్ పేరు స్కోరు బోర్డు మీద కూడా సరిగ్గా పడదు. నాకు తెలుసు కదా.

పవన్ ఇప్పుడు తలైవాస్ వైపు. 2022లోనూ ఇదే జట్టు. మొదటి మ్యాచ్‌లో కొద్ది నిమిషాలకే మోకాలు పోగొట్టుకుని సీజనంతా బయట కూర్చున్నాడు. దేశంలోకెల్లా ఖరీదైన రైడర్, పోయింది కూతలో కాదు, పట్టు పట్టబోతూ. అన్నయ్య కొడుక్కి ఆ మాట చెప్పాను. "అయితే పట్టే కష్టమన్నమాట" అన్నాడు సంబరంగా.

ఆగస్టు 31, ఆదివారం

పెద్దాడు ఇంకో సంగతి చెప్పాడు, నిద్ర పట్టలేదు. ఈ రగ్బీ లీగ్ పుట్టిందే 29 ఆగస్టు 1895న. మేం మ్యాచ్ చూసిన రోజుకి సరిగ్గా 130 ఏళ్ళు. హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్ అనే చోట ఉత్తర ఇంగ్లండు క్లబ్బుల వాళ్ళు కూర్చుని పాత సంఘం నుంచి విడిపోయారు. తగువు ఆట నియమాల మీద కాదు, కూలి మీద. ఆ జట్ల నిండా గని కార్మికులు, మిల్లు పనివాళ్ళు. శనివారం ఆటకి పోతే సగం రోజు కూలి పోయేది. పోయిన కూలి క్లబ్బు ఇస్తే తప్పేమిటని వీళ్ళు అడిగారు. డబ్బు ముడితే ఆట మైలపడుతుందని లండను పెద్దమనుషులు అన్నారు. కూలికి పోనక్కర్లేనివాడే అలా అనగలడు. విడిపోయి, రోజుకి ఆరు షిల్లింగుల దాకా ఇవ్వొచ్చని రాసుకున్నారు. 1898లో జీతాలకీ ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు: ఆటగాడికి బయట వేరే పని ఉండి తీరాలి. పని లేనివాడు ఆడకూడదు!

ఈ షరతు మనం కనిపెట్టామనుకున్నాను ఇన్నాళ్ళూ. రైల్వే, పోలీసు, సర్వీసెస్, పోర్టు, ఉక్కు, అన్ని చోట్లా మన కబడ్డీ ఇలాగే బతికింది. ఉద్యోగం వాళ్ళిస్తారు, మ్యాచ్‌కి స్పెషల్ క్యాజువల్ లీవు వాళ్ళిస్తారు, మోకాలు పోయినా ఒకటో తారీఖు జీతం పడుతుంది. కోట్లు లేవు, నిజమే. అరవై ఏళ్ళ దాకా అన్నం ఉంది. వేలంలో కొన్నవాడు ఎన్నాళ్ళు చూస్తాడు? సీజనుకి రెండు, మూడు నెలలు. ఆ తర్వాత మళ్ళీ పాట.

అప్పుడు ఉద్యోగాలిచ్చిన కంపెనీల్లో ఇప్పుడు ఖాళీలు నింపడమే లేదు. కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటీకరణ వద్దని 2021 నుంచి శిబిరాలు చూస్తున్నాం. మొన్న జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ అంది. అందులో ఫిట్టరు కుర్రాడికి, అందునా కార్నర్ ఆడేవాడికి, ఒక పోస్టు ఉంటుందని నాకైతే ఆశ లేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

కుర్రాడి చూపుడు వేలు బెణికింది. డ్యాష్‌కి పోయి చెయ్యి చాపాడట. భుజం పెట్టాల్సిన చోట చెయ్యి పెడితే అంతే. రెండు వేళ్ళూ కలిపి టేపు చుట్టాను. మర్నాడు స్పానర్ పట్టలేకపోయాడు, ఆ రోజు కూలి కోత. వాళ్ళ అమ్మకి మాత్రం పనిలోనే తగిలిందని చెప్పాడు. వదిన నన్ను అనుమానంగా చూసింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

అక్టోబరు 28, మంగళవారం

మొంథా తుపాను. పొద్దుటి నుంచి ఒకటే వాన, గాలి. కరెంటు లేదు. కాకినాడ వైపు తీరం దాటుతుందంటున్నారు. రేపు టైటాన్స్ రెండో క్వాలిఫయర్ ఉంది. ఫోను చార్జింగు దాచుకుంటున్నాను. ఇంట్లో చెప్పిన కారణం వేరు.

అక్టోబరు 30, గురువారం

నిన్న పుణె చేతిలో 45-50తో పోయింది. 45 పాయింట్లు తెచ్చీ ఓడారంటే తప్పు కూత పెట్టినవాళ్ళది కాదు. భరత్ ఒక్కడే 23 తెచ్చాడు. అవతల ఆదిత్య షిండేని ఆపేవాడే లేకపోయాడు. పొద్దున్న క్యాంటీన్లో అందరూ భరత్‌నే పొగిడారు. కవర్లు ఎందుకు కదల్లేదని ఒక్కడూ అడగలేదు. నేను అడిగితే "మొదలెట్టాడు" అని నవ్వారు.

నవంబరు 16, ఆదివారం

కుర్రాడికి సెలక్షన్ క్యాంపు పిలుపొచ్చింది. సంతోషం ఒక పూటే. కాంట్రాక్టరు సూపర్‌వైజరు వారం రోజులు పోతే కూలి లేదన్నాడు, తిరిగొచ్చాక పని ఉంటుందని మాట కూడా ఇవ్వనన్నాడు.

"క్యాంపుకెల్తే కూలి పోద్ది, కూలికెల్తే క్యాంపు పోద్ది. ఏటి సెయ్యమంటావు చిన్నాన్నా?"

నూట ముప్పై ఏళ్ళ కిందట హడర్స్‌ఫీల్డ్‌లో తేల్చుకున్న లెక్క, గాజువాకలో ఇంకా తేలలేదు. సాయంత్రం మా పాత జట్టు వాళ్ళని టీ కొట్టు దగ్గరికి పిలిచాను. ఒకడికి కంటి ఆపరేషన్ అయింది, ఒకడు కర్రతో వచ్చాడు. సంగతి చెప్పాను. వారం కూలి ఎంతైతే అంత మనమే వేద్దాం, బహుమతిలా కాదు, పోయిన కూలి అని లెక్క రాసి ఇద్దాం అన్నాను. ఎక్కువ వాదన జరగలేదు. మా పాత రైడర్ మాత్రం, "కార్నర్‌కి కాబట్టి వేస్తున్నావు, రైడరైతే వేసేవాడివా?" అన్నాడు. వెయ్యనన్నాను.

నవంబరు 19, బుధవారం

కుర్రాడు నిన్న రాత్రి రైలెక్కాడు. మోకాలి బెల్టు నాదే ఇచ్చాను, వెల్‌క్రో కాస్త వదులైంది. పని సంగతి సూపర్‌వైజరుతో అన్నయ్య మాట్లాడతానన్నాడు. వసూళ్ళలో అందరివీ వచ్చాయి, రైడర్‌ది తప్ప. ఫోన్ ఎత్తడం లేదు. రేపు ఎ షిఫ్టు వదిలేటప్పుడు గేటు దగ్గర పట్టుకోవాలి.