మా ఇంటికి వచ్చిన తెర

రంజాన్ పండుగ వెళ్ళిన మూడవ వారంలో మా ఇంటి కంప్యూటర్ మానిటర్ చెడిపోయింది. 9 ఏళ్ల పాతది, పద్దెనిమిదిన్నర అంగుళాల తెర. మొదట ఒక అంచున చీకటి కమ్మింది, తరువాత సగం తెర కనిపించకుండా పోయింది. మా ఇంట్లో ఉన్నది ఆ కంప్యూటర్ ఒక్కటే. అమ్మాయి డిగ్రీ పాఠాలు, ఇంటి వద్ద సాగే కుట్టుపని లెక్కలు, ఇంటర్ చదివే అబ్బాయి ఆటలు, అన్నీ దాని మీదే జరిగేవి.

కొత్తది కొనాలన్న మాట రాగానే మా అబ్బాయి ఒక కాగితం తెచ్చి మా ముందు పెట్టాడు. 27 అంగుళాల వంపు తెర, 240 హెర్ట్జ్, ధర 21,000 రూపాయలు. "నా దగ్గర దాచుకున్న ఈదీ డబ్బులు 6,000 ఉన్నాయి అబ్బా, మిగతాది వాయిదాల్లో కట్టవచ్చు" అన్నాడు.

మాకు కోపం వచ్చింది. మాలో ఒకరు "ఆటల కోసం ఇంత డబ్బు తగలేయడం ఇస్రాఫ్ కాక మరేమిటి?" అని కసిరారు. మరొకరు మౌనంగా ఉండి ఆ మాటకే బలమిచ్చారు. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత నాలుగు రోజులపాటు దస్తర్‌ఖాన్ వద్ద అడిగినదానికి జవాబు తప్ప వాడి నోట మరో మాట లేదు. నెగ్గింది మా మాటే, కానీ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

ఐదవ రోజు ఇషా నమాజు తరువాత వాణ్ణి పిలిచి కూర్చోబెట్టుకున్నాము. "ఆ కాగితం మళ్లీ తియ్యి బేటా, అందులో ఏ అంకెకు ఏమి అర్థమో మాకు చెప్పు" అన్నాము. నిజానికి ఆ రోజు మేము చదివింది ధర ఒక్కటే. మిగిలినవి మాకు తెలియవు. తెలియని విషయం మీద తీర్పు చెప్పామన్న సంగతి అప్పటికి గాని మాకు తట్టలేదు.

తెర సెకనుకు ఎన్నిసార్లు చిత్రాన్ని మార్చుకోగలదో చెప్పేది హెర్ట్జ్ అని వాడు వివరించాడు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో చిత్రం సుమారు 16.7 మిల్లీ సెకన్లు నిలుస్తుంది, 144 హెర్ట్జ్ తెర మీద 6.9 మిల్లీ సెకన్లే. వేగంగా సాగే ఆటలో కదలిక సాఫీగా కనిపించడానికి కారణం ఇదే. వింటున్న మా అమ్మాయి ఒక్క ప్రశ్న వేసింది: "మరి మన కంప్యూటర్ సెకనుకు 240 చిత్రాలు ఇవ్వగలదా?"

వాడు కాసేపు ఆలోచించాడు. మా కంప్యూటర్‌లో ఉన్నది జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. తేలికైన ఆటల్లో అది 100 దాటుతుంది, బరువైన ఆటల్లో 60 కూడా కష్టమే. కార్డు ఇవ్వని చిత్రాన్ని ఎంత వేగమైన తెర అయినా చూపలేదు. పైగా 60 నుండి 144కు మారితే ఒక్కో చిత్రానికి 10 మిల్లీ సెకన్ల దాకా తగ్గుతుంది, 144 నుండి 240కి మారితే తగ్గేది 3 మిల్లీ సెకన్లకు లోపే. "అయితే 144 చాలు" అని వాడే అన్నాడు.

పరిమాణం సంగతీ అలాగే తేలింది. 1920×1080 చుక్కల తెర 24 అంగుళాలదైతే అంగుళానికి సుమారు 92 చుక్కలుంటాయి. అవే చుక్కలను 27 అంగుళాలకు పరిస్తే 82కు పడిపోయి అక్షరాలు ముతకగా కనిపిస్తాయి. చుక్కలు పెంచి 2560×1440 తీసుకుంటే కార్డు మీద భారం ఒకటిన్నర రెట్లకు మించి పెరుగుతుంది. రోజంతా చదువుకునే అక్కకూ ఆడుకునే తమ్ముడికీ 24 అంగుళాలే సరిపోయింది. వడ్డీ లేదని ప్రకటించే వాయిదాల్లో సైతం కొన్నింటికి వేరే రుసుములు ఉంటాయని లెక్క తీసి చూశాము. ఆ ఆలోచనను వాడే విరమించుకున్నాడు.

శనివారం నలుగురం కలిసి సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాము. ఒక దుకాణంలో పెట్టె మీద పెద్ద అక్షరాలతో "1 మిల్లీ సెకను" అని ఉంది. ఆ అంకెను అందరూ ఒకే పద్ధతిలో కొలవరని, దాన్ని చూసి మురిసిపోవద్దని అబ్బాయి మా చెవిలో చెప్పాడు. మేము వీఏ, ఐపీఎస్ రకాల తెరలను పక్కపక్కన పెట్టించి చూశాము. వీఏలో నలుపు చిక్కగా ఉంది. ఐపీఎస్‌ను పక్క నుండి చూసినా రంగులు మారలేదు. హాలులో నలుగురూ నలుమూలల నుండి చూసే తెర గనుక ఐపీఎస్‌నే ఎంచుకున్నాము. నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను ఒక్కొక్కటిగా తెరనిండా వేయించి, చచ్చిన చుక్కలు ఉన్నాయేమో వెతికిన తరువాతే 9,600 రూపాయలు నగదు చెల్లించాము. అందులో 6,000 వాడివే.

ఇంటికి వచ్చి బిగిస్తే పాత తెరకూ కొత్త తెరకూ వేగంలో తేడా కనిపించలేదు. వాడి ముఖం వాడిపోయింది. మా అమ్మాయి సెట్టింగులు తెరిచి చూసింది. విండోస్ ఇంకా 60 వద్దే ఉంది. డిస్‌ప్లే సెట్టింగుల లోపల అడ్వాన్స్‌డ్ అన్న చోట 144 ఎంచుకోగానే మౌస్ బాణం నీటి మీద జారినట్లు కదిలింది. ఆటలు ఆడని మాకు కూడా ఆ తేడా తెలిసింది. "ఇప్పుడు అర్థమైందా అమ్మీ?" అని వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్ని రోజులైంది!

కంప్యూటర్ హాలులోనే ఉంటుంది, ఆట రోజుకు ఒక గంట అని నలుగురం అనుకున్నాము. ఈ రెండు నెలల్లో వాడు రెండుసార్లు గంట దాటాడు. మేము మందలించాము. అయితే మందలించే ముందు ఈసారి "ఎందుకు ఆలస్యమైంది బేటా?" అని అడిగాము. ఒకసారి వాడి దగ్గర సరైన కారణమే ఉంది. మరొకసారి లేదు, ఆ సంగతి వాడే ఒప్పుకున్నాడు.

పిల్లలు ఖరీదైనది అడిగినప్పుడు కాదనే హక్కు తల్లిదండ్రులకు ఉంది. కానీ ఆ కాగితాన్ని చివరి దాకా చదివించుకున్న తరువాతే కాదనాలి. మా ఇంట్లో 21,000 రూపాయల కోరికను 9,600కు దించింది మా కోపం కాదు, ఆ రాత్రి వాణ్ణి కూర్చోబెట్టుకుని విన్న ఒక్క గంట.