మామ .315

పోయిన ఆదివారం కూటంలో మా మామ తుపాకీ మాట వచ్చింది. "అది ఇంగ్లీషోళ్ల తూటా కదా" అన్నారు ఒకాయన. కాదండి. తుపాకీ మన ఇషాపూర్ ఫ్యాక్టరీది, తూటా ఆస్ట్రియా దేశానిది. అక్కడి సైన్యానికి 1890లో వచ్చిన 8×50ఆర్ మాన్లిషర్ అనే తూటానే ఇక్కడ .315 అన్నారు. సైన్యం వాడే .303 జనం చేతికి చిక్కకూడదని ఇంగ్లీషు సర్కారు ఆపేసింది. వేటగాళ్లకు వేరే తూటా కావాల్సి వచ్చి ఇది దిగింది. 1930లో ఆస్ట్రియావాళ్లు దీన్ని వదిలి 8×56ఆర్‌కు మారిపోయారు. పుట్టింట్లో పోయిన తూటా మన దగ్గర నిలిచింది. (మనం మాట్లాడే పాత తెలుగు మాటలు కొన్ని ఇట్లాంటివే.)

మామ తుపాకీ కొనేటప్పుడు, ఊరికి తిరిగిపోతున్న ఒక ఎస్టేట్ దొర తన 9.3×62 మౌజర్‌ను తక్కువ ధరకు ఇస్తానన్నాడట. బెర్లిన్‌లో ఓటో బాక్ అనే తుపాకుల పనివాడు 1905లో చేసిన తూటా అది. మామూలు మౌజర్ రైఫిల్లో పట్టేది. అందుకే పెద్ద ఇంగ్లీషు తుపాకులు కొనలేని ఆఫ్రికా రైతులు దీంతోనే అడవిదున్నలను కొట్టేవాళ్లు. గుండు 286 గ్రెయిన్లు. .315ది 244. మామకు ఆశ పుట్టింది. కానీ దొర ఇచ్చే డజను తూటాలు అయిపోతే? సేలంలో అడిగాడు, బెంగళూరులో అడిగాడు, ఏ అంగడిలోనూ లేవు. .315 కొన్నాడు.

నాకు పదేళ్లప్పుడు చెనక్కాయ చేన్లో అడవిపందిని పొద్దుగూకినాక కాల్చాడు. దెబ్బ వెనక తొడకు తగిలింది. తెల్లారి వెతకబోతే అది పొదలోంచి లేచి పక్కింటాయన కాలు చీల్చింది. ఆయన బతికినన్నాళ్లూ కుంటాడు. "ఆ పెద్ద తుపాకీ కొనుంటే పడిపోయేది" అన్నారు ఊళ్లో. మామ ఒప్పుకోలేదు. "తొడలో తగిలితే ఏ తూటా అయినా అంతే. కండ్లు కనపడనప్పుడు కాల్చింది నేను" అనేవాడు. ఏటా ఆ ఇంటికి ఒక మూట రాగులు పోయేవి. సైకిల్ మీద మోసింది నేనే కాబట్టి తెలుసు.

1972 చట్టంతో వేట ఆగింది. తరువాత ఆ తుపాకీ ఎలక్షన్లొస్తే స్టేషన్‌కు, అయిపోతే ఇంటికి. మామ పోయాక లైసెన్సు ఎవరికీ వద్దన్నారు. పోయిన నెల అర్జీ నేనే రాశాను, అరవంలోనే లెండి. అత్త సంతకం పెట్టింది. బోరు .315, తూటాలు ఏడు. లెక్కబెట్టి అప్పజెప్పాను. స్టేషన్‌కు నన్ను బండి మీద తీసుకుపోయింది ఆ పక్కింటాయన మనవడే.