బాతులు వెళ్ళిపోయాక వచ్చాను

"బాతుల్ని చూడ్డానికొచ్చారా అమ్మా? ఎండలు ముదరకముందే పోయాయిగా!"

దోనె కడుగుతున్న పెద్దాయన అన్నాడు. కొల్లేటికోటలో అద్దెకు దిగాను, సామాను ఇంకా సర్దనేలేదు.

పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలోనే అయిపోయింది. ఊరు తన పనిలో పడింది. నీళ్ళు తగ్గిన చోట గుర్రపుడెక్క ఎండి, బురదకి అతుక్కుపోయింది. చుట్టూ కొల్లేరే, తాగడానికి మాత్రం నీళ్ళ టిన్ను కొనుక్కోవాలి. వేసవిలో సముద్రపు ఉప్పునీరు ఉప్పుటేరు మీదుగా ఎగదన్నుతుంది మరి.

ఆ బాతులే నా మనసులోంచి పోవట్లేదు.
చలికాలమంతా ఇక్కడ మేసే సూదితోక బాతులు వేసవికి సైబీరియా వైపు వెళ్తాయి. వాటి జాతి గూళ్ళు ఆర్కిటిక్ దాకా ఉంటాయి.
ఆర్కిటిక్ వలయం పైన జూన్‌లో అర్ధరాత్రి కూడా సూర్యుడు ఉంటాడు.
మంచు కరిగిన నేల మీద గూడు కట్టాలి, చలి తిరిగొచ్చేలోగా పిల్లలకు రెక్కలు రావాలి. వాటికీ ఏటా కొత్త కాపురమే!

కొల్లేరుకు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు వచ్చిందని ఎప్పుడో చదివాను. ఇది అంత దూరం నుంచి వచ్చేవాళ్ళ ఇల్లు కూడా అని ఇవాళే మనసుకి తగిలింది.

కైకలూరు, ఆకివీడు వైపు వాళ్ళెవరైనా ఉన్నారా? ఈ ఎండల్లో ఆటపాక పక్షుల కేంద్రానికి పొద్దున్నే వెళ్ళాలా, సాయంత్రమా? ఇంకేం చూడాలో కూడా చెప్పండి.